దెయ్యం సినిమా ఆఖరి రీలు: ‘ఆమె ఎవరు?’ నుంచి ‘చంద్రముఖి 2’ దాకా

ఇవాళ్టి ఎపిసోడ్‌లో దెయ్యం సినిమాల గురించి, ముఖ్యంగా వాటి ముగింపుల గురించి మాట్లాడుకుందాం. ముందే ఒక మాట చెప్పేస్తున్నా. చాలా సినిమాల క్లైమాక్సులు ఇందులో దాచకుండా చెప్పాల్సి వస్తుంది. చూడనివాళ్ళు ఉంటే చూసొచ్చి మళ్ళీ వినండి, నేనేమీ అనుకోను.

సెకండ్ షో వదిలాక బయటికొచ్చే కుర్రాళ్ళ మాటలు ఎప్పుడైనా విన్నారా? మామూలు సినిమా అయితే పాటలు, ఫైట్లు, హీరో ఎంట్రీ గురించి మాట్లాడతారు. దెయ్యం సినిమా అయితే మాత్రం అందరూ చివరి పది నిమిషాల గురించే. “అంతా బాగా తీశాడ్రా, చివర్లో చెడగొట్టాడు” అంటాడు ఒకడు. “ఒరిజినల్‌లో ఇలా లేదు, వీడే మార్చాడు” అంటాడు ఇంకొకడు. ఈ రెండు మాటలూ నేను చాలా ఏళ్ళుగా వింటున్నా. వాటి వెనక ఒక చరిత్ర ఉంది. అదే ఇవాళ చెప్పాలనుకుంటున్నది.

దెయ్యం సినిమా మొదటి నుంచీ మనల్ని ఒకే ప్రశ్న మీద కూర్చోబెడుతుంది. ఇదంతా చేస్తున్నది ఎవరు? దానికి మూడు జవాబులు ఉన్నాయి. ఒకటి, ఎవరో మనిషి కుట్ర చేస్తున్నాడు. రెండు, ఎవరికో మనసు బాగాలేదు. మూడు, నిజంగానే దెయ్యం ఉంది. ముగింపు అంటే ఈ మూడింట్లో ఒకదాన్ని తేల్చి చెప్పడమే. అరవై ఏళ్ళలో మన సినిమాల్లో ఈ జవాబు ఎలా మారుతూ వచ్చిందో చూస్తే, రీమేకులు, సీక్వెల్సు ఎక్కడ జనాన్ని ఉసూరుమనిపించాయో కూడా అర్థమైపోతుంది.

ఈ కథ మన అంగలకుదురు చుట్టుపక్కల నుంచే మొదలుపెట్టొచ్చు. గుంటూరు నుంచి రైల్లో వస్తుంటే తెనాలికి ముందు వచ్చే చిన్న స్టేషన్ మనది. తెనాలి అంటే నాటకాల ఊరు, సినిమావాళ్ళ ఊరు అని మీకు తెలుసు. విజయా సంస్థ చక్రపాణి గారిది తెనాలి. కొంగర జగ్గయ్య గారిది తెనాలి దగ్గర మోరంపూడి. సూపర్‌స్టార్ కృష్ణ గారిది బుర్రిపాలెం. ఈ ముగ్గురి పేర్లూ గుర్తుపెట్టుకోండి. తెలుగు సినిమాలో భయం అనేది ఎలా మొదలైందో చెప్పాలంటే ముగ్గురూ కావాలి.

మొదట చక్రపాణి గారు. నాగిరెడ్డి గారితో కలిసి ఆయన నిర్మించిన ‘పాతాళ భైరవి’ 1951లో వచ్చింది. కె.వి. రెడ్డి గారి దర్శకత్వం, పింగళి వారి రచన. అది దెయ్యం సినిమా కాదు, జానపదం. కానీ ఎస్.వి. రంగారావు గారి నేపాళ మాంత్రికుణ్ణి చూసి జడుసుకున్న పిల్లలు ఎంతమందో! అందులో ముగింపు ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి. మాంత్రికుణ్ణి ఇంకో పెద్ద మాంత్రికుడు వచ్చి ఓడించడు. వాడి ఆశని అడ్డం పెట్టుకుని, మాయమాటలు చెప్పి, గడ్డం తీయించి బుట్టలో వేస్తారు. మంత్రం ఎంత గొప్పదైనా మనిషి బుర్ర ముందు దిగదుడుపే అన్నది అక్కడి తీర్పు. ప్రేక్షకుడు భయపడ్డాడు, చివర్లో నవ్వుకుంటూ ఇంటికెళ్ళాడు.

తర్వాత 1966. ‘ఆమె ఎవరు?’ అని ఒక సినిమా వచ్చింది. జగ్గయ్య గారు, జయలలిత గారు. బి.ఎస్. నారాయణ గారి దర్శకత్వం. హిందీలో రాజ్ ఖోస్లా తీసిన ‘వో కౌన్ థీ?’ 1964లో పెద్ద హిట్. దాన్నే తమిళంలో ‘యార్ నీ?’ అని, తెలుగులో ‘ఆమె ఎవరు?’ అని తీశారు. రీమేకులు ఈ మధ్య వచ్చిన జబ్బు అనుకునేవాళ్ళు ఈ సంవత్సరం గమనించండి. మన భాషలో దెయ్యం బొమ్మ ఇంకా బుడిబుడి అడుగులు వేసే రోజుల్లోనే రీమేకు ఉంది.

కథ ఏంటంటే, వానరాత్రి కారులో వెళ్తున్న డాక్టరుకి తెల్లచీర కట్టుకున్న ఒకావిడ ఎదురవుతుంది. శ్మశానం దగ్గర దిగి మాయమైపోతుంది. తర్వాత అచ్చం అదే ముఖం అతని జీవితంలోకి పెళ్ళికూతురుగా వస్తుంది. చచ్చిపోయిందన్న మనిషి మళ్ళీ కనబడుతుంది. డాక్టరుకి పిచ్చెక్కినంత పనవుతుంది. చివరికి తేలేది ఏమిటి? దెయ్యం లేదు. డాక్టరుకి ఒక ఆస్తి రావాల్సి ఉంది, మతి చలిస్తే అది రాదు. అందుకని దగ్గరి చుట్టమే కవలల్లో ఒకామెని అడ్డం పెట్టుకుని ఆడించిన నాటకం ఇది.

మరుసటి ఏడాది, 1967లో, ఏవీయం వాళ్ళ ‘అవే కళ్ళు’. ఎ.సి. తిరులోకచందర్ దర్శకుడు. తమిళంలో ‘అదే కంగళ్’, తెలుగులో ‘అవే కళ్ళు’. తెలుగులో హీరో మన బుర్రిపాలెం కృష్ణ గారు, పక్కన కాంచన గారు. ‘తేనె మనసులు’ వచ్చి రెండేళ్ళే అయింది, ఇంకా కుర్ర హీరో. ఇంట్లో ఒక్కొక్కరే హత్య అయిపోతుంటారు. ముసుగు, ఆ ముసుగులోంచి చూసే కళ్ళు, అంతే కనిపిస్తుంది. దెయ్యమేమో అన్నంత భయం పెట్టి, చివర్లో ముసుగు తీసి మనిషిని చూపిస్తారు.

ఒకసారి ఆలోచించండి. ఆ రోజుల్లో మన ఊళ్ళల్లో కరెంటు లేని ఇళ్ళు ఎన్నో. చింతచెట్టు కింద దెయ్యం ఉందంటే నమ్మేవాళ్ళు ఇప్పటికంటే ఎక్కువ. మరి సినిమావాళ్ళు దెయ్యం ఉంది అని చెబితే జనం ఒప్పుకునేవాళ్ళే కదా? అయినా చెప్పలేదు. హిందీలో ‘బీస్ సాల్ బాద్’ అయినా, మన ‘ఆమె ఎవరు?’ అయినా, చివరికి పట్టుబడేది మనిషే. ప్రేక్షకుడు హాలులోంచి బయటికొచ్చేటప్పుడు శ్మశానానికి భయపడక్కర్లేదు, ఆస్తి కోసం కాచుకుని ఉన్న దాయాదికి భయపడాలి అనుకుంటూ వచ్చాడు. ఇది మొదటి రకం ముగింపు. దీనికి ఒక గొప్ప సుగుణం ఉంది. చూపించిన ప్రతి వింతకీ చివర్లో లెక్క చెప్పాలి. తెల్లచీర ఎలా మాయమైంది, పాట ఎవరు పాడారు, అన్నీ. లెక్క తప్పితే ప్రేక్షకుడు ఊరుకోడు.

రెండో మలుపు పుస్తకాల్లోంచి వచ్చింది. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆ వారం పత్రిక కోసం జనం ఎలా ఎదురుచూశారో పెద్దవాళ్ళని అడగండి, చెబుతారు. అందులో ఒక పక్క వైద్యం, ఇంకో పక్క కాష్మోరా. చేతబడి మీద అంత విస్తారంగా రాస్తే మూఢనమ్మకాలు పెరగవా అని అప్పట్లోనే గట్టి విమర్శలు వచ్చాయి. ఆ విమర్శ సంగతి చివర్లో మళ్ళీ మాట్లాడుకుందాం, ఎందుకంటే అది ఈనాటికీ తీరలేదు. 1986లో ‘కాష్మోరా’ పేరుతో సినిమా కూడా వచ్చింది.

1992లో రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ తీశారు. హిందీలో ‘రాత్’, తెలుగులో ‘రాత్రి’, రెండూ ఒకేసారి. రేవతి గారు నటించారు. కొత్తగా అద్దెకు దిగిన ఇల్లు, కింద సెల్లారు, ఖాళీ సినిమా హాలు, వీటితోనే భయపెట్టారు. ‘ఎక్సార్సిస్ట్’ లాంటి ఇంగ్లీషు సినిమాల ప్రభావం కనబడుతుంది. ఇక్కడ ముసుగు తీస్తే మనిషి లేడు. ఆత్మ నిజంగానే ఉంది, ఓంపురి వేసిన మాంత్రికుడు వచ్చి దాన్ని ఎదుర్కోవాలి. అప్పట్లో ఆ సినిమా పెద్దగా ఆడలేదు. కానీ తర్వాత టీవీల్లో, క్యాసెట్లలో చూసి భయపడినవాళ్ళే ఇవాళ దాన్ని గొప్ప సినిమా అంటున్నారు. అంటే నిరాశపరిచిన సినిమా అని అప్పుడు ముద్ర పడింది కాస్తా ఇరవై ఏళ్ళకి చెరిగిపోయింది. మొదటి వారం తీర్పే ఆఖరి తీర్పు కాదు అని దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఆ మరుసటి ఏడాదే, 1993లో, మలయాళంలో ‘మణిచిత్రతాళు’ వచ్చింది. ఫాజిల్ దర్శకుడు, మధు ముట్టం రచయిత. రెండో రకం జవాబు, అంటే మనసు బాగాలేకపోవడం అనేది, అంత పకడ్బందీగా చెప్పిన సినిమా మన దక్షిణాదిలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. శోభన గారికి దానికే జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

పాతబడిన పెద్ద ఇల్లు. తాళం వేసిన గది. అందులో ఒకప్పుడు నాగవల్లి అనే నాట్యకత్తెని యజమాని చంపాడని కథ. కొత్త కోడలు గంగ ఆ గది తలుపు తీయిస్తుంది. ఇంట్లో వింతలు మొదలవుతాయి. ఇంటివాళ్ళు శ్రీదేవి అనే వేరే అమ్మాయిని అనుమానిస్తారు. సైకియాట్రిస్టుగా మోహన్‌లాల్ వస్తాడు. దెయ్యం లేదు, ఇది గంగ మనసుకి వచ్చిన జబ్బు, ఆ అమ్మాయి చిన్నప్పటి ఒంటరితనంలోంచి వచ్చింది అని కనిపెడతాడు. అనుమానం మోసిన శ్రీదేవి నిర్దోషి, అందరూ ముద్దుచేసే గంగకి జబ్బు.

ముగింపు చూడండి ఎంత తెలివిగా ఉంటుందో. డాక్టరూ, మంత్రాలు తెలిసిన నంబూద్రీ కొట్టుకోరు, కలిసి పనిచేస్తారు. నాగవల్లి కక్ష తీరాలి, మనిషి ప్రాణం పోకూడదు. అందుకని తిరగేసే చెక్క ఒకటి ఏర్పాటు చేసి, ఆఖరి క్షణంలో మనిషి స్థానంలో బొమ్మని పెడతారు. బొమ్మ మీద కత్తి పడుతుంది. గంగ మనసులోని నాగవల్లికి తృప్తి కలుగుతుంది. దెయ్యం లేదని చెబుతూనే, దెయ్యం సినిమాకి కావలసిన క్లైమాక్స్ మొత్తం ఇచ్చేశారు. నమ్మేవాడూ సంతోషంగా వెళ్ళాడు, నమ్మనివాడూ సంతోషంగా వెళ్ళాడు.

ఇక రీమేకులు మొదలయ్యాయి, పదకొండేళ్ళ తర్వాత. 2004లో పి. వాసు కన్నడంలో ‘ఆప్తమిత్ర’ తీశారు. విష్ణువర్ధన్ గారు, మన సౌందర్య గారు. ఏప్రిల్ 17న విమాన ప్రమాదంలో సౌందర్య గారు పోయారు, సినిమా ఆగస్టులో విడుదలైంది. ఆ బాధలోనే జనం చూశారు, సినిమా పెద్ద విజయం సాధించింది. 2005 ఏప్రిల్‌లో రజనీకాంత్‌తో ‘చంద్రముఖి’. తెలుగులోకి డబ్ అయి మన దగ్గర కూడా ఇరగాడింది. 2007లో ప్రియదర్శన్ హిందీలో ‘భూల్ భులయ్యా’ తీశారు.

ఈ వరసలో నాకు ఎప్పుడూ సరదాగా అనిపించే సంగతి ఒకటుంది. మలయాళం సినిమాలో ఆవహించిన నాగవల్లి మాట్లాడేది తమిళం, ఎందుకంటే ఆవిడ తంజావూరు మనిషి. కన్నడంలోకి, తమిళంలోకి వచ్చేసరికి ఆవిడ విజయనగరం నుంచి వచ్చిన తెలుగు నాట్యకత్తె అయిపోయింది. అక్కడ ఆవిడ పాడేది తెలుగు పాట. తెలుగు డబ్బింగుకి వచ్చేసరికి తెలుగువాళ్ళకి తెలుగు దెయ్యం ఏం వింతగా ఉంటుంది? అందుకని ఆ పాట తమిళం అయింది. హిందీకి వెళ్తే బెంగాలీ. అంటే ఏ ఊళ్ళో తీసినా దెయ్యం మాత్రం పక్క ఊరి భాషే మాట్లాడుతుంది. నవ్వొచ్చే విషయమే కానీ, భయం వేసినప్పుడు మనం మొదట బయటినుంచి వచ్చినవాళ్ళ వైపే వేలు చూపిస్తాం అన్న పాత అలవాటు కూడా ఇందులో ఉంది.

ఈ రీమేకుల్లో చాలా మార్చారు. మలయాళంలో డాక్టరు కథ బాగా నడిచాక గానీ రాడు. తమిళంలో రజనీ మొదటి నుంచే ఉంటాడు, ఫైట్ చేస్తాడు, పాట పాడతాడు, పైగా ‘లకలక’ అంటూ వేట్టయ్య రాజు కూడా తనే. ఒరిజినల్ అభిమానులకి ఇదంతా కాస్త ఎక్కువే అనిపించింది. కానీ ముగింపులో జవాబు మార్చలేదు. గంగకి జబ్బు, వైద్యం చేశారు, నయమైంది. అందుకే మూడు భాషల్లోనూ సినిమా నిలబడింది. రీమేకులో పాటలు మార్చొచ్చు, ఊరు మార్చొచ్చు, హీరో వయసు మార్చొచ్చు. ‘చేసింది ఎవరు’ అన్నదానికి జవాబు మారిస్తే మాత్రం అది వేరే సినిమా.

సరే, అక్కడితో ఆగితే బాగుండేది. కానీ హిట్ అయిన సినిమాకి రెండో భాగం కావాలి కదా. ఇక్కడే చిక్కు వచ్చింది. జబ్బు నయమైపోయిన మనిషికి సీక్వెల్ ఏముంటుంది? గంగ ఆరోగ్యంగా కాపురం చేసుకుంటోంది. సీక్వెల్ తీయాలంటే నాగవల్లి నిజంగా ఉండాలి. అంటే మొదటి సినిమా ఇచ్చిన జవాబుని రెండో సినిమా కొట్టేయాలి.

2010లో కన్నడంలో ‘ఆప్తరక్షక’ వచ్చింది. విష్ణువర్ధన్ గారు 2009 డిసెంబరు 30న కన్నుమూశారు, ఆ తర్వాత విడుదలైన ఆయన ఆఖరి సినిమా అది. కన్నడ ప్రేక్షకులు కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని చూశారు, హిట్ చేశారు. అదే ఏడాది డిసెంబరులో వాసు గారే వెంకటేష్‌తో తెలుగులో ‘నాగవల్లి’ తీశారు. ఆ పాత రాజు వందేళ్ళు దాటినా ఇంకా బతికే ఉన్నాడని కథ నడిపారు. మొదటి సినిమాలో అంతా మనసు చేసే మాయ అని డాక్టరుతో చెప్పించి, రెండోదాంట్లో మంత్రశక్తితో బతికిన మనిషిని తెస్తే ప్రేక్షకుడు ఎటు నమ్మాలి? కన్నడంలో ఆ లోటుని ఒక మహానటుడి వీడ్కోలు కప్పేసింది. తెలుగులో కప్పడానికి అలాంటిదేమీ లేదు. సినిమా నిరాశపరిచింది.

2023 సెప్టెంబరులో ‘చంద్రముఖి 2’. మళ్ళీ వాసు గారే. లారెన్స్, కంగనా రనౌత్, కీరవాణి గారి సంగీతం. ఇప్పుడిక దాపరికం లేదు, ఆత్మలు నిజంగానే తిరుగుతాయి. పద్దెనిమిదేళ్ళు ఎదురుచూసిన అభిమానులు పెదవి విరిచారు. గ్రాఫిక్స్ బాగాలేవు, కామెడీ పండలేదు అని చాలా కారణాలు చెప్పుకున్నారు. అవన్నీ ఉన్నాయి. కానీ అసలు దెబ్బ అది కాదని నా లెక్క. మొదటి ‘చంద్రముఖి’ని పదిసార్లు చూసినవాడికి, ‘నువ్వు అప్పుడు నమ్మింది అబద్ధం’ అని చెప్పినట్టైంది.

మలయాళంవాళ్ళు ఇంకో దారి పట్టారు. 2013లో ప్రియదర్శన్ ‘గీతాంజలి’ అని తీశారు. నాగవల్లిని తేలేదు, డాక్టరు సన్నీని తెచ్చి వేరే కేసు ఇచ్చారు. ఆలోచన సరైనదే. కాకపోతే ఆ కేసు థాయ్ సినిమా ‘అలోన్’ లోంచి తెచ్చిన అవిభక్త కవలల కథ. అంతకు ముందు ఏడాదే ప్రియమణి ‘చారులత’గా మన వైపు వచ్చేసింది. ట్విస్టు ముందే తెలిసిన సినిమాకి ట్విస్టే బలం అయితే ఏం నిలుస్తుంది?

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. హిందీ ‘భూల్ భులయ్యా 2’ 2022లో దెయ్యం నిజమే అనేసింది, బ్రహ్మాండంగా ఆడింది కూడా. అంటే జవాబు మారిస్తే డబ్బులు రావు అని నేను అనడం లేదు. అక్కడ ముఖ్య పాత్రలు కొత్తవి, హీరో కొత్త, కథ కొత్త, పేరూ పాటా పాతవి. పాత గదికి కొత్త తాళం వేయలేదు, వేరే ఇల్లు కట్టుకున్నారు.

ఈ పని ఒరిజినల్ తీసినవాడే చేసినా దెబ్బ తప్పదు. డచ్ దర్శకుడు జార్జ్ స్లైజర్ 1988లో ‘ది వానిషింగ్’ తీశాడు. భార్య కాని భార్య, ప్రియురాలు, దారిలో మాయమైపోతుంది. ఆమెకేమైందో తెలుసుకోవాలన్న పట్టుదలతో అతను వెళ్ళి వెళ్ళి, చివరికి తనూ సజీవంగా సమాధి అయిపోతాడు. చూసినవాళ్ళకి రాత్రి నిద్ర పట్టదు. 1993లో అదే స్లైజర్ అదే కథని హాలీవుడ్‌లో మళ్ళీ తీశాడు. ఈసారి హీరో బయటపడతాడు. భయపెట్టిన సినిమా కాస్తా మామూలు సినిమా అయిపోయింది. దర్శకుడు మారలేదు, కథ మారలేదు, చివరి పది నిమిషాలు మారాయి.

మరి దెయ్యం ఉంది అనే ముగింపు చెడ్డదా? కానే కాదు. 2009 సంక్రాంతికి వచ్చిన ‘అరుంధతి’ చూడండి. కోడి రామకృష్ణ గారి దర్శకత్వం, శ్యాంప్రసాద్ రెడ్డి గారి నిర్మాణం. పశుపతి ప్రేతాత్మ అని మొదటి నుంచీ చెబుతారు, ఎక్కడా దాచరు. వాణ్ణి చంపేది ఏ ఆయుధమో, దానికి జేజమ్మ ఎంత మూల్యం చెల్లించిందో వరసగా చెప్పుకొస్తారు. చివర్లో ఆ ఆయుధమే పనిచేస్తుంది. ప్రేక్షకుడికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. ఇంకో విశేషం, దెయ్యం మగవాడు, దాన్ని ఎదుర్కొనేది ఆడమనిషి. తాంత్రికుడు వచ్చి బూడిద చల్లి కాపాడడు.

ఆ తర్వాత వచ్చింది కామెడీ దెయ్యాల కాలం. ‘ప్రేమకథా చిత్రమ్’ 2013లో చిన్న బడ్జెట్‌లో వచ్చి పెద్ద హిట్ అయింది, తమిళంలో ‘డార్లింగ్’గా వెళ్ళింది. అంటే మనం కూడా ఎగుమతి చేశాం. 2014లో అంజలి ‘గీతాంజలి’, 2015లో ‘రాజు గారి గది’. 2017లో మలయాళం ‘ప్రేతం’ని ‘రాజు గారి గది 2’గా తీశారు, నాగార్జున, సమంతలతో. అదే ఏడాది ‘ఆనందో బ్రహ్మ’లో దెయ్యాలే మనుషుల్ని చూసి భయపడ్డాయి, అదీ తమిళంలో ‘పెట్రోమాక్స్’ అయింది. వీటిల్లో ఎక్కువ సినిమాల ముగింపు ఒక అచ్చులో పోసినట్టు ఉంటుంది. ఆత్మకి ఒక అన్యాయం జరిగింది, ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, న్యాయం జరుగుతుంది, ఆత్మ వెళ్ళిపోతుంది. మొదటిసారి కళ్ళు చెమ్మగిల్లాయి. అయిదోసారికి ఫ్లాష్‌బ్యాక్ మొదలవగానే జనం ఫోన్లు తీశారు. ‘ప్రేమకథా చిత్రమ్ 2’ 2019లో, ‘గీతాంజలి మళ్ళీ వచ్చింది’ 2024లో వచ్చి పాత సందడి తేలేకపోయాయి. అచ్చు అరిగిపోయింది, అంతే.

పైగా ప్రేక్షకుడు మారాడు. ‘ఆమె ఎవరు?’ చూసిన తెనాలి ప్రేక్షకుల్లో ‘వో కౌన్ థీ?’ చూసినవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? ఇవాళ మలయాళం సినిమా విడుదలైన నెలకి ఫోన్‌లో మన కుర్రాళ్ళు సబ్‌టైటిల్స్‌తో చూసేస్తున్నారు. రీమేకు వచ్చేసరికి ముగింపు అందరికీ తెలుసు. అదే ముగింపు పెడితే ‘కాపీ’ అంటారు, మారిస్తే ‘చెడగొట్టాడు’ అంటారు. దర్శకుడికి రెండు పక్కలా నుయ్యీ గొయ్యీ.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన మాట. దెయ్యం సినిమా ముగింపు గురించి ఇంత చర్చ ఎందుకు, సరదా సినిమాలే కదా అనొచ్చు. కానీ మన పల్లెల్లో చేతబడి, బాణామతి అన్న అనుమానం మీద మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు ఇప్పటికీ పేపర్లో వస్తూనే ఉన్నాయి. చాలాసార్లు ఆ అనుమానం పడేది ఒంటరిగా బతికే ముసలావిడ మీదో, బయటినుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మీదో. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి అకృత్యాల మీద ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. అంటే ‘ఇదంతా చేసింది ఎవరు’ అన్న ప్రశ్న సినిమా హాలులోనే కాదు, ఊళ్ళో రచ్చబండ దగ్గర కూడా అడుగుతారు. అక్కడ తప్పు జవాబు వస్తే ఒక మనిషి ప్రాణం పోతుంది.

ఈ కోణంలో ‘విరూపాక్ష’ నాకు ముఖ్యమైన సినిమా. 2023 ఏప్రిల్‌లో వచ్చింది, కార్తీక్ దండు దర్శకుడు, సాయిధరమ్ తేజ్, సంయుక్త. రుద్రవనం అనే ఊళ్ళో క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటని ఊరివాళ్ళే కట్టేసి తగలబెడతారు. పన్నెండేళ్ళకి చావులు మొదలవుతాయి. చివర్లో తెలిసేది, చేయిస్తున్నది హీరోయినే, ఆ కాలిపోయినవాళ్ళ కూతురే అని. ట్విస్టు బాగా పేలింది. మంత్రం నిజమే అని సినిమా చెబుతుంది, అది నాకు ఇబ్బందే. కానీ ఆ ఊరు చేసిన పనిని మాత్రం క్షమించలేదు. మొదటి తప్పు ఊరిదే.

‘మా ఊరి పొలిమేర’ 2021లో నేరుగా ఓటీటీలో వచ్చింది. ఊరంతా చేతబడి భయం. చేతబడి చేస్తున్నాడని అనుమానించిన మనిషి చనిపోతాడు. చివర్లో తెలిసేదేంటంటే, వాడు బతికే ఉన్నాడు, ఆ చావు వాడు ఆడిన నాటకం. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? 1966లో జగ్గయ్య గారిని పిచ్చివాణ్ణి చేయబోయిన కుట్రకి ఇది దూరపు చుట్టమే. ఊరి భయాన్ని వాడుకున్న మనిషి. యాభై అయిదేళ్ళు తిరిగి మన సినిమా మళ్ళీ ముసుగు తీసి మనిషిని చూపించింది. రెండో భాగం 2023 నవంబరులో థియేటర్లలో విడుదలై ఆడింది కూడా.

కాబట్టి ఈసారి దెయ్యం సినిమా చూసొచ్చాక నిరాశ కలిగితే, గ్రాఫిక్స్ మీదా మేకప్ మీదా విసుక్కునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. చేసింది ఎవరు అన్నదానికి సినిమా జవాబు చెప్పిందా, లేక తప్పించుకుందా? ఆ జవాబుకి మొదటి నుంచీ చూపించినవి సరిపోయాయా? రీమేకో సీక్వెలో అయితే, పాత సినిమా మనకిచ్చిన మాట నిలబెట్టుకుందా? మూడింటికీ ‘అవును’ అని రాకపోతే మీ కోపం న్యాయమైనదే. ఇంకో ప్రశ్న కూడా కలుపుకోండి. హాలులోంచి బయటికొచ్చాక మన వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మని చూసే మన చూపు ఏమైనా మారిందా? మారితే ఆ సినిమా ఎంత బాగా ఆడినా, దాని గురించి మనం గట్టిగానే మాట్లాడుకోవాలి.

ఇవాళ్టికి ఇంతే అండీ. ‘ఆమె ఎవరు?’, ‘అవే కళ్ళు’ చూడనివాళ్ళు దొరికితే చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, అప్పట్లో వాళ్ళకి ఎక్కడ భయం వేసిందో వాళ్ళే చెబుతారు. మళ్ళీ కలుద్దాం. సెలవు.